వెన్ను మీద మొలక



2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి ఒరిగి నీళ్లలో పడింది. ముంపు తీసేలోపే వెన్నుల మీద గింజలు మొలకెత్తాయి. చేతికందిన పంట మీద ఆ తెల్లటి మొలకలు చూసిన రైతు బాధ ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది సొంత ఇళ్లలోనే చూసి ఉంటారు. ఇవాళ నేను ఆ మొలక గురించే మాట్లాడతాను. నిద్రలో ఉన్న కణం పెరగడం మొదలుపెట్టేటప్పుడు దానిలో ఆర్‌ఎన్‌ఏ తయారీ ఎలా ఊపందుకుంటుంది, దాన్ని అదుపులో పెట్టేదెవరు అన్నది మాలిక్యులర్ బయాలజీలో పెద్ద ప్రశ్న. మన డెల్టాలో అది ధాన్యం ధరను తేల్చే ప్రశ్న కూడా.

మండె కట్టడం మీకు కొత్త కాదు. విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో కట్టి మరో రోజు కప్పి ఉంచుతాం. సంచి మూతి విప్పి చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగులుతుంది. గింజలన్నీ ఊపిరి పీలుస్తున్న వేడి అది. పొట్టు అంచున ఆవగింజంత తెల్లదనం కనిపిస్తే విత్తనం తయారైందని రైతుకు తెలుస్తుంది. ఆ తెల్లదనం బయటికి రాకముందు గడిచిన గంటల్లోనే అసలు కథంతా జరిగిపోతుంది.

నీరు తగిలిన గింజ కొత్త ఆర్‌ఎన్‌ఏ కోసం ఆగదు. వెన్ను మీద గింజ గట్టిపడే రోజుల్లోనే పిండం తనకు మొదట అవసరమయ్యే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలను తయారుచేసి దాచుకుంటుంది. ప్రయాణానికి ముందే కట్టుకున్న సద్దిమూట అది. 1965లో డ్యూర్, వాటర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పత్తి గింజల్లో దీనికి ఆధారం చూపించారు. 2004లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ గింజలకు, విషపు పుట్టగొడుగుల్లో దొరికే ఆల్ఫా అమానిటిన్ పట్టించారు. కొత్త మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారీని అది అడ్డుకుంటుంది. అయినా మొలక మొన బయటికొచ్చింది, కానీ ఆ తర్వాత మొక్క ఎదగలేదు. ప్రొటీన్ తయారీని ఆపే మందు పెట్టినప్పుడు మాత్రం మొన కూడా రాలేదు. అంటే కళ్లు తెరవడానికి దాచుకున్న సద్దిమూట చాలు, ఎదగడానికి మాత్రం కణం కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తయారుచేసుకోవలసిందే.

ఆ కొత్త తయారీలో పెద్ద వాటా దేనికి పోతుందో గమనించండి. 1958లో కోపెన్‌హేగన్‌లో మాలో అనే శాస్త్రవేత్త బృందం సాల్మొనెల్లా బాక్టీరియాను పేద ఆహారం నుంచి పుష్టికరమైన ఆహారంలోకి మార్చి చూసింది. ముందు ఆర్‌ఎన్‌ఏ తయారీ వేగం పుంజుకుంది. దాని వెనక ప్రొటీన్, ఆ వెనక డీఎన్‌ఏ, అన్నిటికన్నా చివర కణ విభజన. ఆ ఆర్‌ఎన్‌ఏలో అత్యధిక భాగం ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల కోసమే. చకచకా పెరిగే ఒక్క ఈస్టు కణం నిమిషానికి సుమారు 2,000 రైబోజోములు కట్టుకుంటుంది. సరుకు తయారుచేసే ముందు సరుకు తయారుచేసే యంత్రాలనే పెంచుకుంటుందన్నమాట. ఇది చాలా ఖరీదైన పని. అందుకే ఆహారం, శక్తి ఉన్నాయో లేదో కనిపెట్టే కాపలా కూడా అంత గట్టిగా ఉంటుంది. ఈస్టులో, మొక్కల్లో, మనలో టార్ అనే ఎంజైము ఆ కాపలా కాస్తుంది. ఆకలిగా ఉన్న కణంలో అది నెమ్మదించగానే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీ తగ్గిపోతుంది.

ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఆయన ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1929లో వెల్లడించిన ఏటీపీని కణానికి శక్తినిచ్చే పదార్థంగానే చదువుకుంటాం. ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ప్రతి అడినైన్ కూడా ఆ ఏటీపీ నుంచే వచ్చి చేరుతుంది. శక్తీ అదే, ముడిసరుకూ అదే.

ఇక మొలకను ఆపి ఉంచే బ్రేకు సంగతి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. గింజలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఎక్కువగా ఉన్నంతకాలం నిద్ర సాగుతుంది. నీరు తగిలాక పిండం నుంచి జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోను బయలుదేరి తవుడు పొరలోని కణాలను చేరుతుంది. అక్కడ డెల్లా అనే ప్రొటీన్ జన్యువులను అణిచిపట్టి ఉంచుతుంది. జిబ్బరెల్లిన్‌ను పట్టుకునే గిడ్1 అనే గ్రాహకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో వరిలోనే కనుక్కున్నారు. జిబ్బరెల్లిన్ అందగానే గిడ్1 డెల్లాను పట్టిస్తుంది, కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. అణచివేత తొలగాక అమైలేజ్ జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ వెల్లువలా వస్తుంది, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. నారుమడిలో ఇదే జరిగితే సంతోషం. డిసెంబరులో వెన్ను మీద జరిగితే ఆ ధాన్యం మిల్లులో నూకవుతుంది.

ఆర్‌ఎన్‌ఏ తయారుచేసే ఈ యంత్రాంగాన్ని శత్రువు కూడా వాడుకుంటాడు. బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, తిన్నవాళ్లకు ఎంత ఇష్టమో ఎండాకు తెగులుకు అంత లోకువ. ఆ తెగులు కలిగించే బాక్టీరియా తన ప్రొటీన్లను వరి కణంలోకి పంపి, వరి జన్యువుల నుంచే తనకు కావలసిన ఆర్‌ఎన్‌ఏను రాయించుకుంటుంది. అందుకు టీఎఫ్2ఏ అనే వరి ప్రొటీన్‌లోని గామా భాగాన్ని పట్టుకుంటుంది. ఎక్స్ఏ5 అనే నిరోధక జన్యువు ఇంకేదో కాదు, ఆ గామా భాగపు జన్యువే. 39వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే, శత్రువుకు పట్టు జారింది, మొక్క పని మొక్కకు సాగింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో సొంటి రమేష్ గారి బృందం, వరి పరిశోధన సంస్థలో సుందరం గారి బృందం కలిసి ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21 నిరోధక జన్యువులు మూడింటినీ సంకరణం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. 2008లో ఆ మెరుగైన రకం బయటికొచ్చింది. ఆర్‌ఎన్‌ఏ అదుపును అర్థం చేసుకోవడం మన అన్నం కంచం దాకా వస్తుందనడానికి నాకు ఇంతకన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

మొలక బ్రేకు విషయంలో అలాంటి పని ఇంకా మిగిలి ఉంది. వరి గింజ నిద్రను నడిపే ఎస్‌డీఆర్4 జన్యువును 2010లో గుర్తించారు. నిద్ర బొత్తిగా లేకపోతే తుపానుకు పంట పోతుంది. మరీ ఎక్కువైతే కోసిన ధాన్యం దాళ్వా నారుకు సరిగా మొలవదు. రెండు మూడు వారాల నిద్ర ఉండి, ఆ తర్వాత చక్కగా లేచే గింజ, అదీ జనం ఇష్టపడి వండుకునే బియ్యంలో కావాలి. దాన్ని సాధించడానికి జన్యువుల పరిజ్ఞానం ఎంత అవసరమో చేల నుంచి వచ్చే లెక్కలూ అంతే అవసరం. మీలో కొందరు పరిశోధనకు వెళతారు, కొందరు విస్తరణ అధికారులవుతారు, కొందరు సొంత పొలానికే తిరిగి వెళతారు. ఎక్కడున్నా, ఈసారి వరి పడిపోయినప్పుడు ఏ రకం, కోతకు ఎన్నాళ్లముందు తడిసింది, ఎన్నో రోజున మొలక చూపింది అన్నది రాసి ఈ కళాశాలకు పంపండి. తెనాలి వైపు చేలకూ రేపల్లె వైపు చేలకూ ఉన్న తేడా కూడా అప్పుడే తెలుస్తుంది.