తఆరుఫ్ అంటే పేరు చెప్పడం ఒక్కటేనా?

(సంఘం వార్షిక సమావేశంలో, కొత్త సభ్యుల పరిచయ కార్యక్రమానికి ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సంఘంలో కొత్తగా చేరిన కుటుంబాలవారు ఇంకాసేపట్లో లేచి తమను తాము పరిచయం చేసుకోబోతున్నారు. దానికి ముందు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. మేము పండితులం కాము. తెలిసినంతలో మనవి చేసుకుంటాము.

పరిచయాన్ని మనం తఆరుఫ్ అంటాము. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు ఒకరినొకరు ఎరగడం అని అర్థం. ఖురాన్ షరీఫ్ 49వ సూరా, 13వ ఆయత్‌లో మనుషులను జాతులుగా, తెగలుగా చేసినది ఒకరినొకరు తెలుసుకునేటందుకే అన్న భావం ఉన్నది. కాబట్టి ఇందులో ఇద్దరి పని ఉంది. చెప్పేవారు మనసు విప్పి చెప్పాలి, వినేవారు అడిగి తెలుసుకోవాలి. మన సభల్లో మొదటిది సగమే జరుగుతుంది, రెండోది అసలు జరగదు.

మేము పుంగనూరు వదిలి మదనపల్లెకు వచ్చిన కొత్తల్లో ఇట్లాంటి సభలోనే లేచి పేరు, ఊరు, చేసే పని చెప్పి కూర్చుండిపోయాము. మీకేమి ఇష్టమప్పా, మీకేమి చేతనవును అని ఒకరూ అడగలేదు. మేమూ చెప్పలేదు.

క్రీ.శ. 622లో మక్కా నుంచి మదీనాకు వలస వచ్చినవారిని ప్రవక్త (స) అక్కడి అన్సార్లతో అన్నదమ్ములుగా జతపరిచినారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారికి సఅద్ బిన్ రబీ (రజి) గారు తన ఆస్తిలో సగం ఇస్తామన్నారు. ఆయన దీవించి, బజారుకు దోవ చూపిస్తే చాలునన్నారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి నిలదొక్కుకున్నారు. తన లేమిని కాదు, తనకు చేతనైన పనిని ఆయన ముందు పెట్టినారు. అదీ తఆరుఫ్!

మన మదనపల్లె సంగతే చూడండి. 1919లో బిసెంట్ థియొసాఫికల్ కళాశాలకు రవీంద్రనాథ్ ఠాగూర్ అతిథిగా వచ్చినారు. అక్కడివారికి తన బెంగాలీ పాట జనగణమన పాడి వినిపించినారు. విన్నవారు ఊరికే చప్పట్లు కొట్టి పోలేదు. ఆ పాటకు ఆయన ఇంగ్లీషు అనువాదం రాసింది ఇక్కడే, మార్గరెట్ కజిన్స్ గారు స్వరం కుదిర్చింది ఇక్కడే. పాడేవారికి వినేవారు తోడైతే అంత పని జరుగుతుంది.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేండ్ల కిందట ఇట్లాంటి సభలోనే ఒక నూర్‌బాషా సోదరుడు లేచినాడు. ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబం. "దూది ఏకడం మా తాతల పని. నాకు తెలుగు పద్యాలంటే ప్రాణం" అన్నాడు. వెనకనుంచి ఎవరో, "ఉర్దూ రాని సాయిబా?" అన్నారు. నలుగురు నవ్వినారు. ఆ నలుగురిలో మేమూ ఉన్నాము. మరుసటేడు ఆయన రాలేదు.

తరువాత మన పిల్లలకు పదో తరగతి తెలుగు చెప్పేవారి కోసం ఊరంతా తిరిగినప్పుడు ఆయన గుర్తుకొచ్చినారు. ఇంటికి పోయి మాఫీ అడిగినాము. చాయ్ ఇచ్చి, "మీరు నవ్వినందుకు కాదు భాయ్, ఏ పద్యమని ఒక్కరన్నా అడగలేదే అని బాధపడినా" అన్నారు. పిల్లలకు చెప్పను ఒప్పుకున్నారు. సభకు మాత్రం ఈ రోజుకూ రాలేదు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లానుంచి మదనపల్లె, ఉత్తర ఆర్కాటునుంచి మరికొన్ని ప్రాంతాలూ వచ్చి కలిసినాయి. 2022లో జిల్లాలు మళ్ళీ విడిపోయినాయి. గీతలు మారుతుంటాయి, మనుషులు రాకపోకలు మానరు. కుప్పం వారికి ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టింది అక్కడే. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, సంతలో తమిళం, కన్నడం. ఇన్ని నోళ్ళున్న మనం ఒక భాష రాలేదని ఒక మనిషిని పోగొట్టుకోవడం ఎంత నష్టం!

కాబట్టి కొత్తవారికి మా మనవి. పేరు, ఊరుతో ఆపవద్దు. మీకు వచ్చినదేమి, మీకు ఇష్టమైనదేమి, మీకు కావలసిన సాయమేమి, మూడూ చెప్పండి. కుట్టుపనైనా, క్రికెట్టైనా, కవిత్వమైనా సిగ్గుపడవద్దు. ఆడవారిని "ఫలానావారి భార్య" అని మగవారు చెప్పి ముగించవద్దు. ఆపాలు తమ సంగతి తామే చెప్పాలి. పాతవారికి కూడా ఒక మనవి. విన్నదానిపై ఒక్క ప్రశ్నన్నా వేయండి. నెల తిరిగేలోపల ఒక కొత్తవారింటికన్నా పోయి రండి.

ఆ సోదరుని ఇంటికి రేపు మళ్ళీ పోతున్నాము. ఈసారి ఏ పద్యమో అడుగుతాము. ఇష్టమున్నవారు మాతో రండి.

ఇంతటితో మా మాటలు చాలిస్తున్నాము. అస్సలాము అలైకుమ్.