పాత మోటారుకారు: హెడ్ గాస్కెట్టు నిదానము



వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుటకు నిదానమని పేరు. తెలుగువారి వాడుకలో ఆ మాటకే తొందరలేమి యని అర్థము. వేడెక్కి దారిలో నిలిచిపోయిన పాతకారు విషయమున ఈ రెండర్థములును కావలసినవే.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. అయినను వానిని కాపాడుకొని నడుపుకొనువారు నేటికిని కలరు. అట్టివారికి "ఇంజను పోయినది" అను ఒక్కమాట చాలును, బండి తుక్కు క్రింద అమ్ముడుపోవును. నిజమునకు పోయినది పలుచని గాస్కెట్టు మాత్రమే కావచ్చును.

1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల అంబాసిడరు ఇందుకు మంచి ఉదాహరణము. క్రింది భాగము బ్లాకు, పైమూత హెడ్డు. రెండును పోత ఇనుపవే. ఈ రెంటి నడుమ నొదిగియుండునది గాస్కెట్టు. నాలుగు సిలిండర్లలోని మంటను, చుట్టును ప్రవహించు నీటిని, పైకెక్కు నూనెను ఒకదానితో నొకటి కలియనీయకుండుట దాని పని. పొరుగుననే కాపురమున్న అగ్నిజలములకు అదియొక్కటే గోడ.

గోడ ఎచట కూలెనో లక్షణమే చెప్పును. సిలిండరులోనికి నీరు చేరినచో, ఇంజను బాగుగా కాగిన పిదపను పొగగొట్టము దట్టమైన తెల్లపొగను మానక విడుచును. నూనెలో నీరు కలసినచో అది పాలుపోసిన కాఫీ రంగునకు తిరుగును. మంటవాయువులు నీటిలోనికి చొచ్చినచో రేడియేటరులో బుడగలు లేచును. ప్రక్కప్రక్క సిలిండర్ల నడుమ చీలినచో నీటికి లోటుండదు గాని, ఆ రెండింట బలము తగ్గి ఇంజను కుంటును. కంప్రెషను గేజితో కొలిచిన ఇది దాగదు. అయితే చలిదినముల ఉదయమున కనబడు తెల్లపొగను, నూనెమూత క్రింది కొద్దిపాటి నురుగును చూచి హెడ్డు విప్పబూనరాదు. అది వట్టి చెమ్మ కావచ్చును. నీరు తగ్గుచున్నచో గొట్టములు, నీటిపంపు కారుచున్నవేమో తొలుత చూడవలెను.

వేడెక్కిన బండిని వెంటనే ఆపవలెను. వేడిమీద రేడియేటరు మూత తీసిన ముఖము కాలును. కాగిన ఇనుముపై చన్నీరు పోసిన హెడ్డు పగులవచ్చును. అపుడు గాస్కెట్టుతో తీరవలసిన ఖర్చు ఇంజనుదాక పోవును. కొందరు డ్రైవర్లు రేడియేటరులో పసుపు పోయుదురు. చిన్న రంధ్రమునకు అది ఒకపూట అక్కరకు వచ్చునేమో గాని, మంట ఒత్తిడికి నిలువదు.

విప్పునపుడు నీరు తీసివేసి, నట్లను చివరలనుండి నడిమికి కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. పాత గాస్కెట్టులో ఆస్బెస్టాసు ఉండవచ్చును. పొడిగా గీకి దుమ్ము లేపక, తడిపి తీయవలెను. హెడ్డు అడుగున తిన్నని ఉక్కుబద్దను ఆనించి, సందున ఫీలరు గేజి దూర్చి వంకర పరీక్షింపవలెను. ఈ పరీక్షను ఎగవేసి క్రొత్త గాస్కెట్టు బిగించు మెకానిక్కు, యజమానిని మరల తనయొద్దకే రప్పించుకొనును! వంకర యున్నచో యంత్రముపై చదును చేయింపక తప్పదు.

బిగించునపుడు క్రమము తలక్రిందు: నడిమినుండి చివరలకు, పలు విడతలుగా, టార్కు రెంచితో, తయారీదారుల పుస్తకము చెప్పిన కొలతకు. రాకర్ల స్తంభములను పట్టియుంచు నట్లలో కొన్ని హెడ్డు నట్లే గనుక, పిదప వాల్వుల సందును సరిచూడవలెను. నీరు కలిసిన నూనె బేరింగులను తినివేయును. దానిని మార్చక ఒక్క మైలైనను నడుపరాదు.

ఇక మిగిలినది, వేడి ఏల పుట్టెనను ప్రశ్న. ఏండ్ల తరబడి చౌటి బావినీరు పోసిన రేడియేటరులో సున్నపు పొర పేరుకొనును. ఫ్యానుబెల్టు జారవచ్చును, థర్మోస్టాటు మూసికొనిపోవచ్చును. వీనిని చూడక విడిచినచో క్రొత్త గాస్కెట్టును పాతదాని దారినే పోవును.