నిమ్మకాయ కొవ్వును కరిగిస్తుందా?

కలువాయి, రాపూరు, పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోట ఉన్న రైతు రోజూ ఆరా తీసేది గూడూరు మార్కెట్టు ధర. ఆ నిమ్మకాయకు 2017, 2018 ప్రాంతాల్లో తెలుగు ఇళ్లలో కొత్త పని పడింది. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార పద్ధతి ఊరూరా పాకింది. అన్నం, రొట్టె, చక్కెర మానెయ్యాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవాలి. ఆయన వైద్యుడు కాదు. వైద్యులు అభ్యంతరం చెప్పారు, టీవీల్లో వాదోపవాదాలు నడిచాయి. జనం మాత్రం ఆ కొవ్వు కోసం కొబ్బరినూనె సీసాలు కొన్నారు.

చాలామంది బరువు తగ్గిన మాట నిజం. ఎందుకు తగ్గారన్నది తెలుసుకోవాలి. కొవ్వును కరిగించే గుణమేదీ నిమ్మకాయలో లేదు. దాని మేలు వేరు: అందులోని విటమిన్ సి వల్ల ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇక అన్నం మానేసిన తొలి వారంలో ఒంట్లోంచి పోయేది ఎక్కువగా నీరే. కాలేయం, కండరాలు పిండిపదార్థాన్ని గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు ఉంటుంది. నిల్వ ఖర్చయ్యేసరికి ఆ నీరూ వెళ్లిపోతుంది, కాటా ముల్లు గబగబా దిగుతుంది. ఆపైన తగ్గే బరువు, రోజు మొత్తం మీద తినే తిండిలో కేలరీలు తగ్గినందువల్ల తగ్గేదే.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించారు, రెండో జట్టుకు పిండిపదార్థం తగ్గించారు. 2018లో ఫలితం ప్రకటించారు. ఏడాదికి మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. ఆ తేడాను శాస్త్రం తేడాగా లెక్కపెట్టదు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి: చక్కెర జబ్బుకు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు డాక్టరుకు చెప్పకుండా ఉన్నట్టుండి అన్నం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మరి తిన్న కేలరీలు ఎక్కడ ఖర్చవుతాయి? మనిషి కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం లాంటివి పనిచేస్తూనే ఉంటాయి. చాలామందిలో రోజువారీ శక్తిలో సగానికి పైగా ఇలా ఒంటిని నడపడానికే పోతుంది. తిన్నది అరగడానికి పదో వంతు దాకా పడుతుంది. మిగిలింది కదలికకు. ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే మనిషికీ, పొద్దంతా అంగట్లో కూర్చునే మనిషికీ తేడా వచ్చేది ఇక్కడే. కయ్యల్లో నాటు, కలుపు, కోత అన్నీ చేత్తోనే సాగిన కాలం పోయి ట్రాక్టరు, కోత మిషను, మోటారు బండి వచ్చాయి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లో అన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పుపట్టే పని లేదు. పని తగ్గినా పళ్లెంలో అన్నం కుప్ప తగ్గకపోవడమే చిక్కు. రాగి సంగటి తింటే లావెక్కరన్నదీ సరికాదు. రాగులకూ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, పీచు, కాల్షియం మాత్రం రాగుల్లో చాలా ఎక్కువ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 2000 కేలరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. అంటే బియ్యం కంటే కూరగాయల తూకమే ఎక్కువ. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సుమారు 36 శాతం అధిక బరువుతోనూ, సుమారు 15 శాతం ఉండాల్సిన దానికంటే తక్కువ బరువుతోనూ ఉన్నట్టు తేలింది. కాటా ఒక్కటే అంతా చెప్పదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) ఒకటే, 22.3. యాజ్ఞిక్ ఒంట్లో కొవ్వు 21.2 శాతం, యడ్కిన్ ఒంట్లో 9.1 శాతం! 2004లో లాన్సెట్ పత్రికలో వాళ్లిద్దరూ తమ ఫొటోతో సహా ఈ సంగతి బయటపెట్టారు. మనవాళ్లు సన్నగా కనిపిస్తున్నా వాళ్ల పొట్టలో కొవ్వు చేరుతుంది. అందుకే టేపు పెట్టి నడుము కొలుచుకోవాలి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

అయితే తక్కువ తిని కడుపు మాడ్చుకుంటే సరిపోతుందా? శరీరం దానికి ఊరికే తల ఊపదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో ఆకలికి చిక్కినవారిని కోలుకునేలా చేయడం ఎలాగో తెలుసుకోవాలని, తమంతట తాము ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు తిండి బాగా తగ్గించారు. వాళ్లు దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోయారు. గుండె వేగం తగ్గింది, చలి వదల్లేదు, ఒళ్లు శక్తిని పొదుపు చేసుకోసాగింది. మనసు మారిపోయింది. పొద్దస్తమానం తిండి ధ్యాసే, కొందరు వంటల పుస్తకాలు పోగేశారు, కొద్దిపాటి తిండినే గంటల తరబడి తిన్నారు, చికాకు, దిగులు పట్టుకున్నాయి. తిరిగి తిండి పెట్టాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అల్లాడారు. వాళ్లంతా మానసికంగా గట్టివాళ్లని పరీక్షించి మరీ ఎంచుకున్నవారు. డైటింగ్ మానేసి మళ్లీ లావైన మనిషిని ‘నోరు కట్టుకోలేవు’ అని ఎత్తిపొడవడం ఎంత అన్యాయమో ఈ ఒక్క ప్రయోగం చాలు చెప్పడానికి.

కొందరిలో ఈ తిండి ధ్యాస జబ్బుగా మారుతుంది. తిండి బాగా మానేసి, ఎముకలు తేలినా ఇంకా లావుగానే ఉన్నాననుకోవడం అనొరెక్సియా. అదుపు తప్పి తినడం, ఆ వెంటనే భయంతో దాన్ని ఒంట్లోంచి వదిలించుకోవాలని చూడడం బులీమియా. వదిలించుకునే ప్రయత్నం లేకుండా, కడుపు నిండినా ఆపలేక చాటుగా తిని సిగ్గుతో కుమిలిపోవడం మూడోది, బింజ్ ఈటింగ్. ఇవి డబ్బున్న ఇళ్ల ఆడపిల్లలకే వస్తాయనుకోకూడదు, మగపిల్లలకూ వస్తాయి. 1995లో ఢిల్లీ వైద్యులు, తిండి మానేసి తమ దగ్గరికి వచ్చిన యువతుల గురించి రాశారు. లావవుతామన్న భయం వాళ్లలో పెద్దగా కనబడలేదు, ఆకలి లేదు, తినబుద్ధి కావడం లేదు అనే చెప్పారు. అలాంటి పిల్లను మన ఇళ్లలో గ్యాసనీ, దిష్టనీ, ఉపవాసాల పట్టుదలనీ అనుకుంటూ నెలలు గడిపేస్తారు. నెలసరి ఆగడం, కళ్లు తిరగడం, జుట్టు రాలడం, నలుగురితో కలిసి భోంచేయకుండా తప్పించుకోవడానికి సాకులు వెతకడం, తిన్న వెంటనే స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకోవడం గమనించాలి.

ఈ జబ్బుల్లో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. బాగా చిక్కిపోయిన మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమే, రక్తంలో ఫాస్ఫేటు హఠాత్తుగా పడిపోతుంది. అందుకని ముందు ఆస్పత్రిలో నాడి, రక్తపోటు, రక్తపరీక్షలు చూపించి, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తిండి పెంచాలి. మనసుకు వైద్యం దాంతో పాటే సాగాలి. ‘చిక్కావు’ అనీ ‘బలిశావు’ అనీ ఆ పిల్ల ఒంటి మీద మాట వెయ్యకుండా, పక్కన కూర్చుని కలిసి తినమనండి. మానసిక వైద్యుడు దగ్గర్లో లేని ఊళ్లకు 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఫోను చేయడానికి డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.