మందు మొదలైన రోజే ఆపే దారీ తేలాలి

పట్టాలందుకుంటున్న విద్యార్థులారా, ఇవాళ మీ ముందు ఒక్క విషయమే పెడతాను. మనసుకు మందు రాసిన రోజే దాన్ని ఎప్పుడు, ఎలా ఆపాలో కూడా రోగికి చెప్పి తీరాలి.

అలవాటైన మందు ఒక్కసారిగా ఆగితే ఏమవుతుందో మనం చూశాం. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై ఉక్కుపాదం మోపింది. రోజుల్లోనే వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలతో జనం ఆసుపత్రులకు చేరారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. వాళ్ల ఒంటికి అలవాటైంది కల్లులో కలిపిన అల్ప్రాజోలం అనే మత్తు మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందది. 2014 నుంచి దాన్ని ఎవరికి అమ్మారో షాపులో రిజిస్టరు రాసి మూడేళ్లు దాచాలి. ఆ జాతిదే క్లోనజెపామ్. దిగులుకిచ్చే ఎస్సిటాలోప్రామ్‌తో కలిపి ఒకే మాత్రగా అది దొరుకుతోంది. స్ట్రిప్పు వెనక్కి తిప్పితే రెండు పేర్లూ కనిపిస్తాయి. దిగులు మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. క్లోనజెపామ్ మొదటి రాత్రే నిద్రపుచ్చుతుంది, వారాల్లోనే అలవాటవుతుంది. దాంతో రోగి పాత స్ట్రిప్పు చూపించి ఏళ్ల తరబడి కొంటాడు. దిగులు మందుకు మత్తు లేకున్నా, నెలల తరబడి వాడి ఉన్నట్టుండి మానేస్తే కళ్లు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది, నిద్ర పట్టదు. జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్లీ మొదలుపెడతాడు.

ఇలా మాట్లాడితే మందు వాడుతున్న రోగులూ మానేస్తారని కొందరంటారు. ఆ భయం సహేతుకమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దిగులు జబ్బున్న వారిలో నూటికి 85 మందికి అసలు వైద్యమే అందడం లేదు. అవసరమైన వారికి ఈ మందులు ప్రాణం నిలుపుతాయి. కోలుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. అందుకే ఎవరూ సొంతంగా ఆపకూడదు, డాక్టరు సలహాతో మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. డాక్టరు దూరం, వెళ్తే ఒకరోజు కూలి పోతుందన్నది మరో అభ్యంతరం. అదీ నిజమే. కానీ కూలి మిగులుతుందని ఏళ్లపాటు మాత్ర కొంటూ పోతే ఖర్చు తగ్గదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణిలో తెలుగులోనే ఉచితంగా సలహా దొరుకుతుంది.

మీలో మందుల షాపు పెట్టేవారు పాత స్ట్రిప్పు చూసి మాత్ర ఇవ్వకండి, కొత్త చీటీ అడగండి. డాక్టర్లయ్యేవారు తిరిగి రావాల్సిన తేదీ చీటీ మీదే రాయండి. మిగతావారు ఈ వారమే ఇంట్లో మందుల డబ్బా తెరిచి, ఏ మాత్ర ఎన్నేళ్లుగా నడుస్తోందో అమ్మానాన్నలను అడగండి.