తోడు పోదాం

సోలాపూర్ పద్మశాలి బంధువులారా,

సొసైటీలో ఒక అన్నకు శనివారం పగారు ఇచ్చేది. సోమవారం ఆయన భార్య బియ్యానికి అడ్వాన్సు అడిగేది. లెక్కలో రాసుకొని ఇచ్చిన, అంతే. తాగి తాగి ఆయన పోయిండు.

ఇంకొక తమ్ముని విషయంలో ఊరుకోలేదు. ముందు డాక్టరుకు చూపించిన. రోజూ తాగేటోళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు తోడు పోయిన. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఓపెన్ మీటింగయితే తోడొచ్చినోళ్ళూ కూచోవచ్చు. అక్కడందరూ మరాఠీ. మనోడు తెలుగులో ఏడ్చిండు, ఎవరూ నవ్వలేదు.

ఇంటోళ్ళకు అల్-ఆనాన్ మీటింగులు వేరే ఉన్నయి. సలహాకు 14446, ఫోన్ ఖర్చు లేదు.

పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతాము. మనిషి దగ్గర ఎందుకు ఆగము? ఒక్కరే పోవడానికి సిగ్గయితే నన్ను పిలవండి, వస్త.