గీత గీయకముందే: రహదారి ప్రణాళిక, పర్యావరణ సమీక్ష



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ పెద్దాయన ఉద్యోగ జీవితమంతా రోడ్లు వేసినవారు. ఆయన పేరిట నిలబడి రోడ్లను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. పంట మార్కెట్ యార్డుకు చేరాలన్నా, నొప్పులొచ్చిన ఆడమనిషి ఆసుపత్రికి చేరాలన్నా రోడ్డే దిక్కు. నా ప్రశ్న ఒక్కటే. రోడ్డు ఏ దారిన పోవాలో తేల్చేటప్పుడు చెరువును, అడవిని, ఊరిని ఏ దశలో లెక్కలోకి తీసుకోవాలి?

మన దగ్గర ముందు అలైన్‌మెంట్, అంటే రోడ్డు పోయే గీత, ఖాయమవుతుంది. పర్యావరణ ప్రభావ మదింపు, ప్రజాభిప్రాయ సేకరణ ఆ గీతనే పట్టుకుని నడుస్తాయి. శుభలేఖలు పంచాక జాతకాలు చూపించుకోవడం లాంటిది ఇది. దోషం బయటపడితే శాంతి చేయిస్తారు గాని సంబంధం మార్చరు. మొక్కలు నాటుతాం, నీళ్లు చల్లి దుమ్ము అణుస్తాం అనే హామీలు అలాంటి శాంతులే.

మెంఫిస్‌లో జరిగింది

ఈ చిక్కును ముందుగా, పెద్ద ఎత్తున అనుభవించిన దేశం అమెరికా. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో ఓవర్టన్ పార్కు ఉంది. 342 ఎకరాలు, అందులో జూ, పాత అడవి ఉన్నాయి. ఆ పార్కు మధ్యగా ఆరు వరుసల ఇంటర్‌స్టేట్ 40 వేయడానికి 1956లోనే గీత గీశారు. వేరే సాధ్యమైన, సబబైన దారి ఉంటే ప్రజల పార్కును రోడ్డుకు వాడకూడదని 1966లో చట్టం వచ్చింది. అప్పటికి గీతకు పదేళ్లు. పౌరులు కోర్టుకెక్కారు. 1971లో ఆ దేశ సుప్రీంకోర్టు వారి మాట విన్నది: రవాణా మంత్రి నిర్ణయానికి ఆధారమేమిటో రికార్డులన్నీ తెప్పించి చూడాలని కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. చివరకు 1981లో రాష్ట్రమే ఆ మార్గాన్ని వదులుకుంది. ఈలోగా పార్కుకు ఇరువైపులా రోడ్డు కోసం కొన్న ఇళ్లు నేలమట్టమయ్యాయి. పార్కు దక్కింది, ఇళ్లు పోయాయి, పాతికేళ్లు గడిచాయి. గీత గీసిన ఏడాదే ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పేది.

రెండు బల్లలు

అమెరికాలో 1962 చట్టం 50 వేలు దాటిన పట్టణ ప్రాంతాలకు రవాణా ప్రణాళికను తప్పనిసరి చేసింది. 1970 జనవరి 1న జాతీయ పర్యావరణ విధాన చట్టం అమల్లోకి వచ్చింది. రెండూ మంచివే. కానీ పని రెండు బల్లల మీద సాగింది. ఒకచోట ప్రణాళికా సంఘాలు ఇరవయ్యేళ్ల పథకం రాసి, కొన్ని దారులను తోసిపుచ్చేవి. ఏళ్లు గడిచాక పర్యావరణ సమీక్ష చేసేవాళ్లు అదంతా మళ్లీ మొదటినుంచి తవ్వేవారు. చిత్తడి నేల ఉన్న సంగతి మొదటి బల్లకు తెలియదు. ఒక దారిని ఎందుకు వద్దన్నారో రెండో బల్లకు తెలియదు.

ఈ రెంటినీ కలిపే ప్రయత్నం 2005 చట్టంతో ఊపందుకుంది. దీర్ఘకాల ప్రణాళిక రాసేటప్పుడే వనరుల పరిరక్షణ సంస్థలను సంప్రదించాలి, వారి పటాలతో సరిపోల్చుకోవాలి అన్నారు. ప్రణాళిక దశలో తేల్చిన సంగతులను తర్వాతి సమీక్షలో ఏ షరతుల మీద వాడుకోవచ్చో 2012 చట్టం రాసిపెట్టింది. వాటిలో రెండు షరతులు మనం గుర్తుంచుకోదగ్గవి. ఆ అధ్యయనానికి ఐదేళ్లు దాటి ఉండకూడదు. దాన్ని సమీక్షలో వాడతామని ప్రజలకు ముందే తెలిసి ఉండాలి.

ఫ్లోరిడా రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. ప్రతిపాదన నిధుల జాబితాకు ఎక్కకముందే దాన్ని కంప్యూటర్ పటం మీద పెట్టి, నీటి శాఖలు, వన్యప్రాణి శాఖలు అభ్యంతరాలు రాసే పద్ధతి పెట్టింది.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. కలపడమంటే సమీక్షను త్వరగా ముగించడమే అనుకునేవాళ్లు ఉంటారు. తలుపులు మూసుకుని ప్రణాళిక రాసి, ఆ సంగతి అప్పుడే తేలిపోయిందని ప్రజల నోరు మూయించడానికి ఇదే పద్ధతి పనికొస్తుంది. జనం లేని చోట తీసుకున్న నిర్ణయాన్ని జనం ఉన్న చోటికి మోసుకురావడం సమన్వయం అనిపించుకోదు. షరతులు పెట్టింది అందుకే.

మన రోడ్లు

చెన్నై–సేలం ఎనిమిది వరుసల రహదారి పొడవు 277 కిలోమీటర్లు. పర్యావరణ అనుమతి లేకుండానే భూసేకరణకు దిగారని 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు నోటిఫికేషన్లను కొట్టేసింది. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దీంతో విభేదించింది. భూసేకరణ నోటిఫికేషన్‌కు ముందే ఆ అనుమతి అక్కర్లేదని, పని మొదలుపెట్టే ముందు ఉంటే చాలని చెప్పింది. చట్టం మాట అది. వ్యవహారంలో మాత్రం నోటిఫికేషన్ పడ్డ పొలాన్ని కొనేవాడుండడు, ఆ గీతను చెరిపే అధికారీ ఉండడు. సమీక్షకు మిగిలేది వంతెనల కొలతలు, మొక్కల లెక్కలు.

అసలు సమీక్ష గడప తొక్కని రోడ్లూ ఉన్నాయి. పర్యావరణ అనుమతి నిబంధనలకు 2013లో చేసిన సవరణ ప్రకారం జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు మించి, నిర్ణీత వెడల్పు దాటితేనే ముందస్తు అనుమతి కావాలి. హైదరాబాద్ అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా చేవెళ్ల రోడ్డు విస్తరణ 46 కిలోమీటర్లే. ఆ దారి పొడవునా వందల మర్రులున్నాయి. ఆ చెట్ల గోడు వినడానికి ప్రణాళికలో చోటు లేకపోయింది కాబట్టే ఆ వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

మన ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు మీదుగా పోయే 44వ నంబరు రహదారే ఉత్తరాన పెంచ్ పులుల అడవిని దాటుతుంది. అక్కడి విస్తరణ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. ఆ తర్వాతే మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం 9 కట్టడాలు లేచాయి. వాటిలో పెద్దది 750 మీటర్లు. 2019లో భారత వన్యప్రాణి సంస్థ కెమెరాలు పెట్టి చూస్తే పులులతో సహా 18 రకాల జంతువులు వాటి కింద నడిచాయి. పరిష్కారం పనిచేసింది. అది మొదటి నక్షాలోనే ఉంటే ఆ వ్యాజ్యాల అవసరమేముంది?

తెలంగాణ గొలుసుకట్టు చెరువులదీ ఇదే కథ. ఒక చెరువు అలుగు దూకిన నీరు కింది చెరువుకు చేరాలి. ఆ దారికి అడ్డంగా రోడ్డు కట్ట పోస్తే, కల్వర్టు ఎంత పెద్దదైనా నీటిని తన చోటికే రమ్మంటుంది. పైపొలం మునుగుతుంది, కింది ఆయకట్టు ఎండుతుంది. గీతను కొంచెం జరపడానికి నక్షా మీద ఖర్చేమీ లేదు. కట్ట పోశాక జరపడం ఎవరి వల్లా కాదు.

చేయదగ్గవి

మనకు సాధనాలు లేకపోలేదు. మౌలిక సదుపాయాల ప్రణాళిక కోసం కేంద్రం 2021 అక్టోబర్‌లో మొదలుపెట్టిన గతిశక్తి పటంలో అడవులు, అభయారణ్యాల పొరలు ఉన్నాయి. ఆ పటం అధికారుల కంప్యూటర్లు దాటి గ్రామసభకు రావాలి. కనీసం మూడు పనులు అవసరం. అలైన్‌మెంట్ ఖాయం చేసే ముందే ప్రత్యామ్నాయాలన్నీ, ఉన్న రోడ్డుతోనే సరిపెట్టుకోవడంతో సహా, తెలుగులో ప్రచురించాలి. భూసేకరణ నోటిఫికేషన్‌కు ముందు ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ఏ దారిని ఎందుకు వద్దన్నారో రాతపూర్వకంగా చెప్పి, ఆ అధ్యయనానికి కాలపరిమితి పెట్టాలి.

వీటివల్ల ఆలస్యమవుతుందంటారు. మెంఫిస్‌లోనూ, పెంచ్‌లోనూ ఆలస్యం ముందే అడగకపోవడం వల్ల వచ్చింది. ఇక్కడున్న యువ ఇంజనీర్లకు నా విన్నపం: రేపు మీ బల్ల మీదికి ఏ అలైన్‌మెంట్ వచ్చినా, సంతకం పెట్టే ముందు వద్దనుకున్న మిగతా దారుల కాగితాలు అడగండి. అవి లేకపోతే ఆ ప్రణాళిక ఇంకా పూర్తికాలేదని రాసి వెనక్కి పంపండి.