చవక ఇంధనానికి సరైన లెక్క

ఒక ఇంధనం చవకైనదా, ఖరీదైనదా? యూనిట్ ధర ఒక్కటే దీనికి సమాధానం కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, రూపొందించిన విధానం ఒకటి ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

ఈ విధానంలో నగరంలోని బోయిన్‌పల్లి మార్కెట్‌లో మిగిలిన కూరగాయలను ముక్కలు చేసి, గుజ్జుగా మార్చి, గాలి చొరబడని రియాక్టర్‌లోకి పంపితే, అందులోని సూక్ష్మజీవులు ఆ గుజ్జును కుళ్లబెట్టి, మండే స్వభావం గల మీథేన్ అధికంగా ఉండే బయోగ్యాస్‌ను విడుదల చేస్తాయి. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం నుంచి దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు లభిస్తుందని 2021లో ప్రకటించారు. ఆ విద్యుత్తు మార్కెట్ దీపాలకు, కొంత గ్యాస్ క్యాంటీన్ వంటకు ఉపయోగపడతాయని అప్పట్లో తెలిపారు.

మరి ఇది బొగ్గు విద్యుత్తుకు ప్రత్యామ్నాయమా? కాదు. ఈ 500 యూనిట్లు నగరానికి ఏ మూలకూ చాలవు. అయితే చెత్త తరలింపు ఖర్చు తగ్గడం, డంపింగ్ యార్డులో చెత్త కుళ్లి వెలువడే మీథేన్ గాలిలో కలవకపోవడం, ఎరువు మిగలడం అనేవి కరెంటు బిల్లులో కనిపించని లాభాలు.

ఇలాంటి ప్లాంట్లను ప్రోత్సహించేలా, శుద్ధిచేసి, పీడనంతో నింపిన బయోగ్యాస్‌ను చమురు కంపెనీలు కొనేందుకు కేంద్రం 2018లో సతత్ పథకాన్ని ప్రారంభించింది. అయినా తడి చెత్తను పుట్టినచోటే వేరుచేయకపోతే, కొనుగోలు హామీ ఉన్నంత మాత్రాన ప్లాంట్లు నడవవు.

కనుక యూనిట్ ధర ఒక్కటే చాలదు. తప్పిన ఖర్చును కూడా లెక్కించినప్పుడే ఇంధన విధానం సమగ్రమవుతుంది.